ఇంటి కొయ్యకు పుచ్చు పడితే

వేకువను ఇల్లు ఊడ్చి అటు తిరిగేసరికి గచ్చుమీద మళ్లీ చిటికెడు పిండి రాలి కనబడుతుంది. ముట్టి చూస్తే గోధుమపిండివలె మెత్తగా ఉంటుంది. తలయెత్తి చూస్తే పైన దూలం, దూలానికి ఆవగింజంత రంధ్రాలు. పుచ్చు పట్టిందని ఇంటిల్లిపాదికీ అర్థమవుతుంది. అర్థం కానిదల్లా ఆ తరువాత ఏమి చేయవలెనన్నదే. పత్తిచేనికి తెచ్చిన పురుగుమందు డబ్బాలో కొంత మిగిలి ఉంటుంది. అది పురుగును చంపే మందే కదా అని కిరసనాయిలులో కలిపి, నిచ్చెన వేసుకొని, పిల్లలు పడుకొనే గదిలో దూలం పొడుగునా పూసేవారున్నారు. మరికొందరు మోటారు బండిలోనుంచి తీసిన నల్లనూనె పూస్తారు. పురుగు చచ్చినదీ లేనిదీ తరువాతి మాట. ఆ మందు ఆవిరి మాత్రం ఆ గదిలో పడుకొనేవారి ఊపిరిలోనికి నెలల తరబడి పోతూనే ఉంటుంది. ఇంటిని కాపాడుకొనే ప్రయత్నంలో ఇంటిలోనివారికి హాని చేసుకోకుండా ఉండే మార్గం ఒకటి ఉన్నది. ఈనాటి ప్రసంగం దానిని గూర్చి.

గోదావరికి ఈవల కరీంనగరం, ఆవల ఆదిలాబాదు. 2016 అక్టోబరులో ఈ రెండు జిల్లాలూ విడిపోయి పలు జిల్లాలైనవి గాని, అక్కడి అడవికీ ఇంటికీ ఉన్న సంబంధం విడిపోలేదు. జన్నారం, ఖానాపురం, ఉట్నూరు అడవుల టేకు ఈ ప్రాంతపు పాత ఇండ్లకు ఎముకల గూడు వంటిది. మంథని, ధర్మపురి వంటి పాత ఊళ్లలో నడుమ ఆకాశం కనబడే భవంతి ఇండ్లు, పల్లెల్లోని గడీలు, వాటి దూలాలు, మొగురాలు, చెక్కడపు దర్వాజాలు చూచినవారికి ఈ మాట వేరే చెప్పనక్కరలేదు. టేకు తరువాత నల్లమద్ది, పెద్దేగి, జిట్రేగి, చిరుమాను. అంత స్తోమతు లేనివారికి వేప, మామిడి, తాటిమొద్దు, వెదురు. గూన పెంకుల కింద నేటికీ ఇవే బరువు మోస్తున్న ఇండ్లు ఎన్నో ఉన్నవి.

కొయ్యను గూర్చి మన భాషలో ఒక గొప్ప మాట ఉన్నది. అది చేవ. మనిషి గట్టివాడైతే చేవగలవాడంటాము. ఆ మాట చెట్టునుంచి వచ్చినదే. చెట్టు మొద్దును అడ్డంగా కోసి చూస్తే నడుమ ముదురు రంగు భాగం, దాని చుట్టూ బెరడును ఆనుకొని లేతరంగు పొర కనబడతాయి. నడిమిది చేవ. చుట్టూ ఉన్న తెల్లని పొర చెట్టు బ్రతికి ఉన్నంతకాలం నీటిని మోస్తుంది, ఆహారాన్ని పిండిపదార్థంగా దాచుకుంటుంది. ఏళ్లు గడిచినకొద్దీ లోపలి కణాలు చచ్చి, పిండి అంతా ఖర్చయి, దాని స్థానంలో పురుగుకూ బూజుకూ గిట్టని పదార్థాలు చేరి చేవ తయారవుతుంది. టేకు చేవకు చెదలు పట్టకపోవటానికి ఆ పదార్థాలే కారణం. తెల్లచెక్కకు ఆ రక్ష లేదు. అది టేకుదైనా సరే, పుచ్చు పురుగుకు విందే.

ఈ భేదం తెలిసిన పాతకాలపు వడ్రంగులు తెల్లచెక్కను చెక్కి పారవేసి చేవను మాత్రమే దూలానికి వాడేవారు. ముదురు మాను దొరికిన రోజులవి. ఇప్పుడు తోటల్లో పెంచి చిన్న వయసులోనే కొట్టిన టేకు అంగడికి వస్తున్నది. దానిలో చేవ తక్కువ, తెల్లచెక్క ఎక్కువ. టేకు దర్వాజ పెట్టించుకున్నా రెండేళ్లకే పిండి రాలుతున్నదని వాపోయేవారి ఫిర్యాదులో నిజమున్నది. కొన్నది టేకే, కాని చేవ కాదు.

పిండి రాలగానే పుచ్చు అనుకోవటానికి ముందు పురుగు ఏదో గుర్తించవలెను. కొయ్యకు మన ప్రాంతంలో ముఖ్యంగా మూడు రకాల శత్రువులున్నారు. గోడవెంట మట్టితో కట్టిన సన్నని బారలు పైకి పాకి ఉంటే అవి చెదలు. వాటి ఊరు నేలలో ఉన్నది. ఇంట్లో కనబడేది వాటి దారి మాత్రమే. చిటికెన వేలు దూరేంత గుండ్రని పెద్ద రంధ్రం వాసానికి ఉండి, పగటివేళ నల్లని పెద్ద తుమ్మెద ఝుమ్మని తిరుగుతూ ఉంటే అది కొయ్యను తొలిచే తుమ్మెద. అది కొయ్యను తినదు, పిల్లలకు గూడు తొలుచుకుంటుంది. మట్టి లేకుండా, తుమ్మెద లేకుండా, చిన్న చిన్న రంధ్రాలనుంచి పొడి మాత్రం రాలుతూ ఉంటే అది పుచ్చు పురుగు. వీటిలో రెండు తెగలు మనకు తరచుగా తగులుతాయి. శాస్త్రజ్ఞులు లిక్టస్ అనే తెగ చేసే రంధ్రం ఒకటి రెండు మిల్లీమీటర్లు, పొడి అత్తరు పౌడరువలె మెత్తన. సైనాక్సిలాన్ మొదలయిన రెండవ తెగది కొంత పెద్ద రంధ్రం, పొడి కొంచెం గరుకు. వెదురును తినే డైనోడెరస్ అనే బుల్లి పురుగు ఈ రెండవ తెగకు చెందినదే.

లిక్టస్ బ్రతుకు విచిత్రమైనది. ఆడపురుగు గుడ్లు పెట్టబోయే ముందు కొయ్యను కొరికి రుచి చూస్తుంది. పిండి తగినంత ఉన్నదని తేలితేనే కొయ్యలోని సన్నని నాళాల్లోనికి గుడ్లు దింపుతుంది. నాళాలు మరీ సన్ననివైతే గుడ్డు దిగదు. దేవదారు జాతి కొయ్యలను ఈ పురుగు ముట్టకపోవటానికి కారణం అదే. గుడ్డు చిట్లి బయటపడ్డ పిల్లపురుగు కొయ్యలోనే సొరంగం తొలుస్తూ పెరుగుతుంది. కొయ్యలో ముఖ్యపదార్థమైన నారను అది అరిగించుకోలేదు. దానికి కావలసింది ఆ నారల నడుమ చిక్కుకొని ఉన్న కొద్దిపాటి పిండి, చక్కెర మాత్రమే. పుట్టెడు ఊక జల్లించి దోసెడు గింజలు ఏరుకొనే బీదరాలివలె అది కొయ్యనంతా నమిలి, కావలసిన చారెడు తీసుకొని, తక్కినదంతా పొడిగా వెనుకకు వదులుతుంది. మన గచ్చుమీద రాలినది ఆ ఊకే. వాతావరణం అనుకూలిస్తే కొన్ని నెలల్లో, లేకుంటే ఏడాదికి, ఒక్కొక్కప్పుడు ఇంకా ఆలస్యంగా పిల్లపురుగు రెక్కల పురుగై, రంధ్రం చేసుకొని బయటికి వస్తుంది.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటున్నది. మనకు కనబడే రంధ్రం పురుగు లోపలికి పోయిన దారి కాదు, బయటికి వచ్చిన దారి. ఆ రంధ్రం చేసిన పురుగు అప్పుడే వెళ్లిపోయినది. రంధ్రాన్ని చూచి దానిమీద ఘాటైన మందు చల్లటం దొంగలు పడ్డ ఆరునెలలకు కుక్కలు మొరిగినట్లే. మిగిలిన పిల్లపురుగులు లోపల ఇంకా భోజనం చేస్తూనే ఉంటాయి, పైన చల్లిన మందు వాటిని అందుకోదు.

మన పెద్దలకు ఈ జీవశాస్త్రం తెలియదు గాని, అనుభవం వారిని సరియైన చోటికే నడిపించింది. కొట్టిన వెదురునూ వాసాలనూ వాగులోనో చెరువులోనో వారాల తరబడి నానవేసేవారు. నీటిలో నానినప్పుడు పిండి, చక్కెర పులిసి కరిగిపోతాయి, పురుగుకు తినటానికేమీ మిగలదు. వెదురు తడికలు, బుట్టలు అల్లుటలో నేర్పరులైన కొలాములకు ఇది చిరకాలంగా తెలిసిన విద్య. అమావాస్యనాడు కొట్టిన వెదురుకు పుచ్చు పట్టదన్న నమ్మకం కూడా మన పల్లెల్లో ఉన్నది. చంద్రుని సంగతి ఎట్లున్నా, వెదురులో పిండి ఋతువునుబట్టి హెచ్చుతగ్గులవుతుందన్నది శాస్త్రం ఒప్పుకున్న మాట. అడవుల్లో దొరికే నల్లజీడి రసం కొయ్యకు పూయటం మరొక పద్ధతి. చెదలకు అది గిట్టదు. కాని చేతికి తగిలితే పొక్కులెక్కిస్తుంది కనుక అజాగ్రత్తగా ముట్టదగినది కాదు.

ఇక వంటింటి పొగ. కట్టెల పొయ్యి ఉన్న ఇంట్లో వంటింటి వాసాలు నల్లగా నిగనిగలాడుతూ తరతరాలు నిలవటం మనమెరుగుదుము. పొగ కొయ్యను ఆరబెడుతుంది, మసి పూతవలె పట్టి నాళాలను మూస్తుంది. గ్యాసు పొయ్యి వచ్చిన తరువాత ఆ రక్ష పోయింది. పోతే పోయింది, వాసాల కోసం మన ఆడవారు మళ్లీ పొగలో కళ్లు నులుముకొనవలెనని ఎవరూ కోరరాదు. వాసాలకు వేరే ఉపాయం చూడవచ్చును.

కొయ్యకు మందు పెట్టే శాస్త్రంలో ఒక తెలుగువాని పేరు ప్రపంచమంతటా నిలిచిపోయింది. ఆయన సొంటి కామేశం గారు. డెహ్రాడూనులోని అటవీ పరిశోధన సంస్థలో పనిచేస్తూ 1933 ప్రాంతంలో ఆయన రాగి, క్రోమియం, పాషాణం అనగా ఆర్సెనిక్, ఈ మూడింటి లవణాలను కలిపి కొయ్యకెక్కించే మందును కనిపెట్టారు. అంతకుముందు కూడా రాగి, పాషాణం కొయ్యను కాపాడతాయని తెలుసు. కాని వానకు అవి కొట్టుకొనిపోయేవి. క్రోమియం చేరినప్పుడు ఆ రెండూ కొయ్య నారకు అంటుకొని నీటికి కరగకుండా నిలుస్తాయన్నది కామేశం గారి కనుగోలు. దానికి 1938లో అమెరికాలో పేటెంటు లభించింది. ఆస్కు అనే పేరుతో అది ప్రసిద్ధమైంది. తంతి స్తంభాలు, వంతెనల కొయ్యలు, ఇండ్ల చుట్టూ కంచెలు, పిల్లలు ఆడుకొనే కొయ్య నిచ్చెనలు, ఇట్లా ఆ మందు పట్టించిన కొయ్య డెబ్బై యేండ్లు లోకమంతా వ్యాపించింది. ఎన్ని అడవులు ఆ మందువల్ల గొడ్డలికి తప్పించుకున్నవో లెక్క కట్టటం కష్టం. పదేండ్లకు మార్చవలసిన స్తంభం నలభై యేండ్లు నిలిచిందంటే మూడు చెట్లు బ్రతికినట్లే గదా.

అయితే ఆ మందులోని పాషాణం కొద్దికొద్దిగా వాననీటిలోనికి దిగుతున్నదని, చెక్కను తాకిన పిల్లల చేతులకు అంటుతున్నదని తరువాతి కాలంలో తేలింది. 2003 చివరినుంచి అమెరికాలో ఇండ్లకు వాడే కొయ్యకు దానిని పట్టించటం మానివేశారు. ఐరోపా దేశాలు కూడా ఆ త్రోవనే కట్టడి చేశాయి. దీనివల్ల కామేశం గారి ఘనతకు లోటు లేదు. ఆయన పరిష్కరించినది కొయ్యలో మందు నిలవటమనే ప్రశ్నను. రాగినీ క్రోమియాన్నీ ఉంచి, పాషాణానికి బదులు బోరాన్ చేర్చిన మందు ఆ దారిలోనే వచ్చింది. ఈ కథవల్ల మన ఇంటివారు పాటించవలసిన జాగ్రత్త ఒకటున్నది. ఆకుపచ్చ ఛాయ దేలిన పాత మందుకొయ్యలు, తీసివేసిన స్తంభాల ముక్కలు దొరికితే వాటిని పొయ్యిలోగాని, స్నానానికి నీళ్లు కాచే కాగు కింద గాని పెట్టరాదు. పాషాణం ఆ పొగలోనూ బూడిదలోనూ ఉంటుంది.

రెండవ పాఠం జర్మనీది. 1970 దశకంలో అక్కడ ఇండ్లలోపలి చెక్కలకు పెంటాక్లోరోఫెనాల్, లిండేన్ కలిసిన మందులను విరివిగా పూశారు. ఆ ఇండ్లలో కాపురమున్నవారు అనేకులు తలనొప్పి, నీరసం మొదలయిన బాధలతో వ్యాజ్యాలకెక్కారు. 1989లో ఆ దేశం పెంటాక్లోరోఫెనాల్‌ను నిషేధించింది. మన దేశంలోనూ అది నిషిద్ధమైనదే. బి.హెచ్.సి. 1997లోనూ, లిండేన్ వాడకం 2013లోనూ మనకు నిషేధంలోనికి వచ్చినవి. వ్యవసాయంలో డి.డి.టి. వాడకం 1989లోనే ఆగిపోయింది. ఈ మందుల గుణం ఏమంటే అవి త్వరగా విరగవు. చేనులో గాలి, వాన, ఎండ ఉంటాయి. మూసిన గదిలో అవేవీ లేవు. దూలానికి పట్టిన మందు ఏండ్ల తరబడి గదిగాలిలోనికి వదులుతూ ఉంటుంది. పాత డబ్బా ఏదైనా అటకమీద మిగిలి ఉంటే దానిని దూలానికి పూయటం అందుకే ప్రమాదం. నల్లనూనె సంగతీ అంతే. దానిలో పుట్టకురుపు కలిగించగల పదార్థాలుంటాయి, పైగా నిప్పంటుకుంటే ఆరదు.

మరి ఏది వాడవలెను? కంసాలివారు బంగారం అతికేటప్పుడు వాడే వెలిగారం మనకందరికీ పరిచయమే. దాని చుట్టమే బోరిక్ ఆమ్లం, క్యారమ్ బల్లమీద చల్లే తెల్లని పొడి. ఈ రెండూ కలిస్తే ఇంటిలోపలి కొయ్యకు ఇప్పటికి దొరికే మందుల్లో అతి సాధువైనది తయారవుతుంది. కొయ్యను నిలువ చేయటానికి భారత ప్రమాణాల సంస్థ ప్రకటించిన ఐ.ఎస్. 401 నియమావళిలో దీనికి స్థానమున్నది. పిండి ఎక్కువగా ఉండి పుచ్చుకు తేలికగా లొంగే రబ్బరు చెట్టు కొయ్య నేడు బల్లలు, కుర్చీలుగా మన ఇండ్లకు వస్తున్నదంటే, కోయగానే కర్మాగారంలో దానికి ఈ బోరాన్ మందు పట్టించటంవల్లనే.

వెలిగారపు మందుకు వాసన లేదు, రంగు లేదు, ఆవిరై గాలిలో కలవదు. కొయ్యలో తడి ఉంటే ఆ తడివెంట దానంతట అదే లోపలికి ప్రాకుతుంది. కొయ్యను నమిలిన పురుగు కడుపులో జీర్ణక్రియను పాడుచేసి నెమ్మదిగా చంపుతుంది. నెమ్మదిగా అన్నమాట గుర్తుంచుకోవలెను. మందు పూసిన మరునాడు పిండి రాలటం ఆగదు. లోతున ఉన్న పురుగులు బయటికి వచ్చేటప్పుడు మందు పట్టిన పొరను కొరికి చావవలెను, లేదా కొత్తగా పెట్టిన గుడ్ల పిల్లలు ఆ పొరలో బ్రతకలేకపోవలెను. కొన్ని నెలలు పిండి రాలినంతమాత్రాన మందు పనిచేయలేదని నిరాశపడి మళ్లీ పత్తిమందు వైపు చేయి చాపరాదు.

మందుకన్నా ముందు పరీక్ష. పాత ఇంటి దూలంలో కనబడే రంధ్రాలన్నీ నేటివి కావు. తెల్లచెక్కలోని పిండి ఏండ్లు గడిచినకొద్దీ తరిగి, పురుగు దానంతటదే వెళ్లిపోయి ఉండవచ్చును. అటువంటి దూలానికి మందు అవసరమే లేదు. దీనిని తేల్చటానికి ఖర్చు లేని ఉపాయమున్నది. రంధ్రాల చుట్టూ సుద్దతో గీత గీయండి, దూలాన్ని కుంచెతో దులిపి, కింద పాత ధోవతి పరచండి. నెల రోజులకు గీతల వెలుపల కొత్త రంధ్రమో, గుడ్డమీద తాజా పిండో కనబడితే పురుగు బ్రతికి ఉన్నట్లు. వేసవి చివరనుంచి తొలకరి వరకు సాధారణంగా రెక్కల పురుగులు హెచ్చుగా బయటపడతాయి కనుక పరీక్షకు ఆ కాలం మంచిది. తరువాత దబ్బనంతో దూలాన్ని అక్కడక్కడ గుచ్చి చూడండి. దబ్బనం పావు అంగుళం, అర అంగుళం మెత్తగా దిగి అక్కడ గట్టిగా ఆగితే తెల్లచెక్క పోయిందని, చేవ నిలిచి ఉన్నదని అర్థం. ఆగకుండా దిగిపోతే మందు సంగతి పక్కనబెట్టి ముందు దూలం కింద ఒక ఊతకర్ర నిలబెట్టవలెను.

చేవ నిలిచినంతమాత్రాన దూలం మునుపటివలె బరువు మోస్తుందనుకోరాదు. దూలపు బలం దాని వెడల్పునుబట్టి పెరుగుతుంది, లోతునుబట్టి అంతకుమించి, వర్గం చొప్పున పెరుగుతుంది. 8 అంగుళాల లోతు, 6 అంగుళాల వెడల్పు గల దూలానికి నాలుగు ముఖాలా అర అంగుళం చొప్పున పుచ్చిపోయిందనుకొందాము. మిగిలినది 7 అంగుళాల లోతు, 5 అంగుళాల వెడల్పు. చూపుకు పెద్దగా తగ్గినట్లుండదు. లెక్క వేస్తే బలం నూటికి 64 పాళ్లు మాత్రమే నిలుస్తుంది. పాతకాలపువారు అవసరానికి మించిన లావుగల దూలాలు వేసేవారు కనుక చాలా ఇండ్లు ఈ నష్టాన్ని ఓర్చుకుంటున్నవి. సన్నని వాసాలు ఓర్చుకోలేవు. ఒక అంగుళంన్నర వాసానికి అర అంగుళం పోతే ఏమి మిగులుతుందో వేరే చెప్పవలెనా! గోడలో దిగిన దూలపు కొనలను మరీ శ్రద్ధగా చూడవలెను. మట్టిగోడ చెమ్మ, చెదలు, పుచ్చు మూడూ అక్కడ కలుసుకుంటాయి. చూపులో అనుమానం తగిలితే అనుభవమున్న వడ్రంగిని పిలిపించటం మందుకొనటంకన్నా ముందు చేయవలసిన పని.

ఇక మందు పెట్టే విధానం. వేసవిలో గూన పెంకులు దించి సర్దించుకొనే సమయమే దీనికి అన్నింటికంటె అనువైనది. వాసాలు పైనుంచి కూడా అందుతాయి, చూరు కారే చోట్లు బాగుపడతాయి. మొదట పుచ్చి పొడిగా మారిన పొరను గోకి తీసివేయవలెను. ఆ పొడిని, గోకిన చెక్కలను ఇంటివెనుక కుప్ప పెట్టక వెంటనే కాల్చివేయండి, వాటిలో పురుగులుంటాయి. ముందే ఏదైనా మందు పట్టించినవని తెలిస్తే మాత్రం కాల్చరాదు. రంగు, వార్నీషు, మసిజిడ్డు ఉన్నచోట నీటిమందు లోపలికి దిగదు, వాటినీ గీకవలెను. పది లీటర్ల వేడినీటిలో 600 గ్రాముల వెలిగారం, 400 గ్రాముల బోరిక్ ఆమ్లం కరిగించండి. రెండూ కలిస్తే విడివిడిగా కంటె బాగా కరుగుతాయి. కొయ్యను ముందు తడి గుడ్డతో తడిపి, ఆ మందును కుంచెతో కొయ్య పీల్చుకొనగలిగినంత పట్టించి, కొన్ని గంటలకొకసారి మరి రెండు పూతలు వేయండి. రంధ్రాలు దట్టంగా ఉన్న చోట సూదిమందు పిచికారితో లోపలికి ఎక్కించవచ్చును. పూత ఆరిపోకుండా రెండు మూడు రోజులు ప్లాస్టిక్ కాగితం కప్పి ఉంచితే మందు లోతుకు ప్రాకుతుంది. తరువాత పూర్తిగా ఆరనిచ్చి అవిసెనూనెగాని వార్నీషుగాని పూస్తే నాళాలు మూసుకొనిపోయి కొత్తగా గుడ్లు దిగటానికి చోటుండదు. నిర్మల బొమ్మలను చూడండి. తేలికయిన పొనికి చెక్కను చింతగింజల జిగురుతో మెత్తి, పైన రంగులతో కప్పివేస్తారు. అందం కోసం వేసిన ఆ పూత చెక్కకు కవచం కూడా అవుతున్నది.

సాధువైన మందన్నాము గాని తినదగినదనలేదు. ఒక్కసారిగా మింగితే కలిగే విషగుణంలో బోరిక్ ఆమ్లం ఉప్పుకు దగ్గరలోనే ఉన్నా, పెద్ద మోతాదులో చాలాకాలం లోపలికి పోతే సంతానశక్తికి హాని అని జంతువులమీద జరిపిన పరీక్షల్లో తేలింది. ఐరోపా సమాజం 2010లో దానిని ప్రత్యేక జాగ్రత్త అవసరమైన పదార్థాల జాబితాలో చేర్చింది. గర్భిణులు, పసిపిల్లలు ఈ పనికి దూరంగా ఉండవలెను. చేతులకు తొడుగులు, మూతికి గుడ్డ కట్టుకొని పనిచేయండి. ధాన్యం, పశువుల దాణా ముందే గదిలోనుంచి తీసివేయండి. మిగిలిన మందునీటిని పెరటి మొక్కలకు పోయకండి, బోరాన్ హెచ్చయితే మొక్క మాడిపోతుంది.

ఈ మందుకు ఒక గట్టి లోపమున్నది. నీటికి కరిగి లోపలికి పోయినదే నీటికి కరిగి బయటికీ వస్తుంది. వాన తగిలే అరుగు స్తంభాలకు, చూరు కొనలకు, నేలలో పాతిన గుంజలకు ఇది నిలవదు. అటువంటి చోట చేవగల కొయ్య వాడటం, కొయ్య మొదలు మట్టికి తగలకుండా రాతిమీద నిలపటం, చూరును ముందుకు జరపటం మేలు. పాత ఇండ్ల మొగురాలు రాతి కుదుళ్లమీద నిలిచి ఉండటం వట్టి అలంకారం కాదు. నేలలోని చెదలకు కూడా దూలంమీద పూసిన ఈ మందు చాలదు. అది పూసిన కొయ్యను అవి వదలవచ్చును గాని, నేలలోని పుట్ట చావదు. మట్టిబారలను తుడిచివేసి, గోడ మొదట చెమ్మ లేకుండా చేసి, అవి వచ్చే త్రోవను కనిపెట్టి మూయటం వేరే పని.

వెదురుకు ఇదే మందును పలుచగా, వంద లీటర్ల నీటికి 3 కిలోల వెలిగారం, 2 కిలోల బోరిక్ ఆమ్లం చొప్పున కలిపి వాడవచ్చును. చీల్చిన వెదురును తొట్టిలో వారం పది రోజులు నానవేస్తే చాలు. చీల్చకుండా నిలువు వెదురు కావలెనంటే గణుపుల అడ్డుగోడలను ఇనుప చువ్వతో పొడిచి నానవేయవలెను. కొట్టిన వెంటనే, ఆకులతోనే, వెదురు మొదలును మందునీటి కుండలో నిలబెట్టే పద్ధతి ఇంకొకటున్నది. ఆకులు ఎండుతూ నీటిని పైకి లాగుకుంటాయి, ఆ నీటివెంట మందు గణుపు గణుపుకూ ఎక్కుతుంది. చిన్న వస్తువులకు, అంటే పీటలు, పెట్టెలు, బొమ్మలవంటివాటికి, మందు కూడా లేకుండా వేడితో పని జరుగుతుంది. దేశాంతరాలకు పోయే సరకుల కొయ్యపెట్టెలను లోపలి గుజ్జు వరకు 56 డిగ్రీల వేడి అరగంట తగిలేటట్లు కాచి పంపవలెనన్నది ప్రపంచ నియమం. రామగుండం మే నెల ఎండలో నల్లని ప్లాస్టిక్ కాగితంలో చుట్టి మేడమీద పెట్టిన పలుచని చెక్కకు ఆ వేడి కొంతవరకు అందవచ్చును. దూలానికి అందదు.

ఇల్లు విప్పినచోట దొరికే పాత దూలాలు, దర్వాజాలు కొనటం ఈమధ్య హెచ్చయింది. పాత టేకు చేవ నేటి లేత టేకుకంటె ఎన్నో రెట్లు మేలైనది కనుక ఆ కొనుగోలు తెలివైనదే. అయితే ఇంట్లోనికి తేకముందు అంచుల్లో తెల్లచెక్క ఉన్నదేమో చూచి, ఉంటే రంపంతో తీయించి, నెల రోజులు వసారాలో గుడ్డ పరచి దానిమీద నిలబెట్టి ఉంచండి. పిండి రాలితే అక్కడే తెలుస్తుంది. మందు పట్టించిన దూలానికి మాత్రం సుద్దగీతలు చెరపవద్దు. వచ్చే మృగశిరకార్తెకు ఒకసారి, ఆపై సంవత్సరం మృగశిరకు మరొకసారి నిచ్చెన వేసుకొని చూడండి. రెండు తొలకరులు గడిచినా గీతల వెలుపల కొత్త రంధ్రం పడకపోతే ఆ దూలానికి ఇక మందుతో పనిలేదు.